కరిగించే పెరుగు

రోజంతా లారీలు తూచే శేషగిరికి తన బరువు తను చూసుకునే ధైర్యం ఎప్పుడూ ఉండేది కాదు. కాకినాడ ఓడరేవు దారిలో వేబ్రిడ్జి గదిలో పొద్దున్న కూర్చున్నాడంటే మళ్ళీ లేచేది దీపాల వేళకే. బియ్యం లారీలు, బొగ్గు లారీలు ముందుకొచ్చి నిలబడేవి, అంకె చూసి చీటీ చింపి ఇచ్చేవాడు. చొక్కా కింది రెండు బొత్తాలూ పెట్టుకోవడం ఎప్పుడో మానేశాడు. ఎవరైనా పొట్ట గురించి అంటే, "ఇది మా వంశం ఆస్తండీ, పంచుకోడానికి కూడా కుదరదు" అని నవ్వించేవాడు.

ఆ మాటకి అందరూ నవ్వేవారు గానీ వసుంధర నవ్వేది కాదు. ఆ పొట్టతోనే ఆవిడ మామగారు భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ కొళాయి దగ్గర కుప్పకూలిపోయారు. ఆ పొట్టతోనే బావగారు బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చున్నారు. నిద్రపోతున్నారనుకుని కండక్టరు ఆఖరి స్టాపు దాకా లేపలేదు. ఇప్పుడు శేషగిరి సరిగ్గా వాళ్ళు పోయిన వయసుకొచ్చాడు. భర్త గురక ఒక్క క్షణం ఆగితే చాలు, వసుంధర లేచి ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి చూసేది. ఆవిడ రోజూ దేవుణ్ణి అడిగేది ఆ ఒక్క ప్రాణమే.

అందుకే అక్క కూతురు మైథిలి, "మా ప్రయోగశాలలో పొట్ట కరిగించే పెరుగు ఒకటి తయారు చేసి మనుషుల మీద పరీక్షిస్తున్నాం పిన్నీ, బాబాయిని చేర్చనా?" అని అడిగినప్పుడు వసుంధర రెండో మాట అనలేదు.

ఇప్పుడు ఆ ప్రయోగశాలలోనే, చల్లటి స్కానింగు గదిలో నిలబడి తెర వైపు చూస్తోంది. తెర మీద రెండు బొమ్మలున్నాయి. గుమ్మడికాయని అడ్డంగా కోసినట్టు, శేషగిరి నడుం రెండుసార్లు కోసి పెట్టినట్టున్నాయి. మొదటిదాంట్లో పేగుల చుట్టూ, కాలేయం మీద పసుప్పచ్చటి ముద్దలు ఇరుక్కుని ఉన్నాయి. రెండోదాంట్లో ఆ పసుపు అక్కడక్కడా మరకల్లా మిగిలింది.

"చేత్తో పట్టుకుంటే దొరికే కొవ్వు అంత చెడ్డది కాదు పిన్నీ," అంది మైథిలి పెన్నుతో చూపిస్తూ. "ఇదిగో, ఈ లోపలిది. ఇది ఊరికే కూర్చోదు. కాలేయాన్ని చెడగొడుతుంది, చక్కెర పెంచుతుంది, గుండెకెళ్ళే నాళాల్ని పూడుస్తుంది. మీ మామగారిని, బావగారిని తీసుకెళ్ళింది ఇదే. మన పెరుగులోని క్రిమి పేగులో కూర్చుని దీన్ని కరిగించమని శరీరానికి చెబుతుంది."

"నా మాట వినని ఒళ్ళు పెరుగు మాట వింటోందన్నమాట," అన్నాడు శేషగిరి బల్ల మీంచి దిగుతూ. ప్యాంటు జారబోతే గబుక్కున పట్టుకున్నాడు. ముగ్గురూ నవ్వారు.

"ఇక్కడితో కొంతకాలం ఆపాలి బాబాయ్," అంది మైథిలి నవ్వు ఆపి. "ఇవాళ్టి నుంచి పెరుగు కప్పులు ఇవ్వను. కొవ్వంతా శత్రువు కాదు. గుండె చుట్టూ పల్చటి పొర ఒకటుంటుంది. అది గుండెకి పరుపూ, పస్తుల రోజుకి దాచిన తిండీ. పొట్టలోది అయిపోయాక ఈ క్రిమి దాని జోలికి వెళ్తుందేమోనని మాకు భయం. అందుకే ఆపి చూస్తాం. పిన్నీ, కప్పులో మిగిలిందాన్ని మరిగించే పారబోస్తున్నావు కదా?"

"ఆఁ," అంది వసుంధర. అని, కళ్ళు తెర మీదికి తిప్పుకుంది.

మొదట్లోనే మైథిలి ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఆ పెరుగు శేషగిరి ఒక్కడే తినాలి. ఆ క్రిమికి కప్పులో వేరే తిండి కలిపి ఇస్తున్నారు. అది లేకపోతే మామూలు పాలల్లో ఒక్క రోజు కూడా బతకదు. అలా కట్టేసి తయారు చేశారు. అయినా జాగ్రత్త కోసం మరిగించాలి.

కార్తీకంలో ఒకనాడు జరిగిన సంగతి వసుంధర ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం అనుకోకుండా చుట్టాలు వచ్చి పెరుగు గిన్నె అడుగంటా ఊడ్చేశారు. పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, తోడు వేద్దామని చూస్తే చెంచాడు పెరుగు లేదు. అప్పటికే తులసి దగ్గర దీపం పెట్టేసింది. దీపాలు పెట్టాక ఉప్పు, పెరుగు, సూది ఒకరింటి నుంచి ఒకరింటికి దాటకూడదు. లక్ష్మి గడప దాటిపోతుందని అత్తగారి మాట. పక్కింటి సత్తెమ్మగారి వంటింటి కిటికీ చేతికందే దూరంలోనే ఉంది. పిలిస్తే పలుకుతుంది. కానీ పిలిచి, లేదనిపించుకుని, ఆవిడ చేత పాపం చేయించడమెందుకు? శేషగిరి తిని వదిలేసిన కప్పు అడుగున కాస్త మిగిలి ఉంది. పాలు, పెరుగు పారబోయడమంటే అసలే వసుంధరకి చెయ్యి రాదు. రేపటికి చచ్చిపోయే క్రిమే కదా అనుకుంది. చెంచాతో గీకి పాలల్లో కలిపేసింది.

తెల్లారి చూస్తే పెరుగు కత్తితో కోసేలా తోడుకుంది. గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా, తియ్యగా, మీద మీగడ కట్టి ఉంది. ఆ రోజు పెరుగుతో మర్నాటికి, మర్నాటి పెరుగుతో ఆ మర్నాటికి తోడు వేసింది. చచ్చిపోవలసింది మొదటి రోజే చచ్చిపోయింది, ఇది మన పెరుగే అని తనకి తనే చెప్పుకుంది. అలా చెప్పుకుంటూ ఉండగానే వీధి వీధంతా ఆ పెరుగు రుచి మరిగింది.

"ఏటమ్మా వసుంధరా, పాలల్లో ఏం మంత్రమేశావు?" అంటూ మొదట గిన్నె పట్టుకొచ్చింది సత్తెమ్మే. "మా కోడలు పిల్ల పెరుగంటే మొహం తిప్పేసేది. నువ్వు పంపిన పెరుగైతే రెండు పూటలా అడిగి తింటోంది."

కోడలు పావని పచ్చి బాలింత కాకపోయినా చంటిపిల్ల తల్లి. బిడ్డ అప్పుడప్పుడే బోర్లా పడుతోంది. పావని పుట్టుకతోనే సన్నటి మనిషి. సత్తెమ్మ తర్వాత ఎదురింటివాళ్ళు పట్టుకెళ్ళారు, వాళ్ళ దగ్గర్నుంచి వెనక వీధివాళ్ళు. చివరింట్లో ఒంటరిగా ఉండే డ్రిల్లు మాస్టారు చద్దన్నంలోకి రోజూ వచ్చి అడిగి మరీ తీసుకెళ్ళేవారు. వెదురుబద్దలాంటి ఆ మనిషి మార్గశిరం మొదట్లో నిద్రలోనే పోయారు. పెద్దాయన, పుణ్యాత్ముడు, అనాయాస మరణం అన్నారంతా.

వసుంధర జాకెట్లు వదులయ్యాయి. ఇంటి చాకిరీ అనుకుంది.

ధనుర్మాసం వచ్చింది. కాలనీలోని వేణుగోపాలస్వామి గుడిలో రోజుకో ఇంటివాళ్ళు ప్రసాదం వంతు తీసుకుంటారు. వసుంధర ఈసారి కావాలని దద్దోజనం రోజు అడిగి పుచ్చుకుంది. భర్త పొట్ట కరిగినందుకు, చక్కెర దిగినందుకు స్వామికి మొక్కు తీర్చుకోవాలి. తన ఇంటి పెరుగుతోనే తీర్చుకోవాలి. ముందు రోజు పొద్దున్నే గుడి వంటగదికి బిందెడు పాలు పంపి, తన చేత్తోనే తోడు వేసి వచ్చింది.

ఆ సాయంత్రమే పక్కింట్లోంచి కేక వినిపించింది.

వసుంధర పరుగెత్తేసరికి పావని ఉయ్యాల పక్కన నేల మీద ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. మెడ దగ్గర నరం గువ్వపిట్ట రెక్కలా కొట్టుకుంటోంది. మొగుడు గవర్రాజు రేవులో క్రేను నడుపుతాడు. డ్యూటీ బట్టల్లోనే వచ్చి రెండు చేతులతో ఎత్తుకుంటే, బరువే లేనట్టు లేచి వచ్చింది.

"నెల నుంచీ ఇంతేనమ్మా," అంది సత్తెమ్మ ఏడుస్తూ. "గుండె దడదడలాడుతోందత్తయ్యా అంటూనే ఉంది. పాలు కూడా ఎండిపోయాయి. నీరసమేలే అని నేనే ఇంకో గరిటెడు పెరుగు వేసి పెట్టాను."

ఆసుపత్రిలో గుండె లయ తప్పిందన్నారు. ఎందుకు తప్పిందో తెలియదన్నారు. వసుంధర ఆ రోజు రెండో దీపం పెట్టి, స్వామీ, రేపు నీ ప్రసాదం ఆ పిల్ల నోట్లో పడేదాకా దాన్ని కాపాడు అని మొక్కుకుంది.

తెల్లవారుజామున గుడి నిండా జనం ఉన్నారు. మంచు పడుతోంది. పాశురాలు అయిపోవచ్చాయి. స్వామి ముందు గంగాళంలో దద్దోజనం తెల్లగా ఉంది. పైన మిరియాలు, కరివేపాకు, అల్లం ముక్కలు వేసి ఉన్నాయి. ఆచార్యులుగారు తెర వేసి గంట కొట్టారు. వసుంధర కళ్ళు మూసుకుంది. శేషగిరి పక్కనే, సన్నబడ్డ నడుముకి కొత్త పంచె బిగించి నిలబడ్డాడు. స్తంభం పక్కన గవర్రాజు ఉన్నాడు. ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

చేతిసంచిలో ఫోను వణికింది. గుడిలో ఫోనా అనుకుని ఊరుకుంది వసుంధర. అది ఆగి మళ్ళీ వణికింది. మూడోసారికి మైథిలి పేరు చూసి, ధ్వజస్తంభం పక్కకి వెళ్ళి మాట్లాడింది.

"పిన్నీ, బాబాయి ఎలా ఉన్నాడు? గుండె దడగా ఉందన్నాడా?" అడిగింది మైథిలి. "నిన్న తీసిన రక్తం ఫలితం ఇప్పుడే చూశాను. కప్పులు ఆపేశాం కదా, క్రిమి ఈపాటికి ఒంట్లోంచి పోవాలి. అలాంటిది పెరిగింది. మేమిచ్చినప్పటి కంటే పెరిగింది. ఇంట్లో బాబాయికి ఏం పెడుతున్నావు?"

"ఏముందే, మామూలు అన్నం, కూర, పెరుగు..."

"ఏం పెరుగు?"

"మన ఇంటి పెరుగే."

"దానికి తోడు ఎక్కడిది పిన్నీ?"

 అవతల మైథిలి ఊపిరి వినిపిస్తోంది. లోపల గంట ఆగింది.

"పిన్నీ, చెప్పు."

"ఒక్కసారే వేశానే. కార్తీకంలో. నువ్వే కదా ఒక్క రోజులో చచ్చిపోతుందన్నావు..."

"చచ్చిపోవాలి. కోట్లలో ఒకటి చావకుండా మిగిలి ఉంటుంది. దాన్నే మర్నాడు నువ్వు కొత్త పాలల్లో వేశావు. రోజూ వేశావు. మామూలు పాలల్లో బతకడం రోజూ నేర్పించావు దానికి." మైథిలి గొంతు పెరిగి, అంతలోనే తగ్గింది. "పోనీలే. బాబాయికి మందుంది, వెంటనే మొదలుపెడదాం. ఇంకెవరూ తినలేదు కదా?"

వసుంధర కళ్ళ ముందు పావని మెడ దగ్గర కొట్టుకుంటున్న నరం కనబడింది. తర్వాత చద్దన్నం గిన్నెతో గుమ్మంలో నిలబడే డ్రిల్లు మాస్టారు కనబడ్డారు.

"మైథిలీ, సన్నగా ఉన్నవాళ్ళు తింటే ఏమవుతుంది?"

జవాబు రాలేదు.  ఆ నిశ్శబ్దంలో వసుంధరకి మైథిలి ఏం లెక్క వేసుకుంటోందో అర్థమైంది. పదేళ్ళ కష్టం, ప్రయోగశాల, పేరు. బయటికి తెలిస్తే అన్నీ ఒక్క రోజులో పోతాయి.

"ఎవరికైనా చెప్పావా పిన్నీ ఈ సంగతి?" అంది చివరికి మైథిలి, చాలా చిన్న గొంతుతో.

"ఇంకా లేదు."

"అయితే చెప్పు." ఈసారి మాట గట్టిగా వచ్చింది. "అందరికీ చెప్పు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు. సన్నటివాళ్ళకి కరిగించడానికి పొట్టలో ఏం ఉంటుంది, అది తిన్నగా గుండె మీదికే పోతుంది. బాగా మరిగిస్తే చస్తుంది. ఆసుపత్రిలో ఎవరైనా ఉన్నారా?"

"మా పక్కింటి పావని."

"ఏ ఆసుపత్రో చెప్పు. నేనే మాట్లాడతాను. ఏ మందివ్వాలో వాళ్ళకి తెలీదు."

ఫోను పెట్టేసి వసుంధర మండపంలోకి వచ్చేసరికి తెర తీసేశారు. హారతి అయిపోయింది. ఆచార్యులుగారు గంగాళం దగ్గర కూర్చుని గరిటె చేతిలోకి తీసుకున్నారు. జనం దొన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మొదటి దొన్నె గవర్రాజుది.

"ఆచార్యులుగారూ, మా ఆవిడకండి. రెండు మెతుకులైనా నోట్లో పెడతానండి," అంటున్నాడు.

వసుంధర స్తంభం పక్కనే ఆగిపోయింది. దేవుడికి నివేదించిన దాన్ని వద్దనడమా? చిన్నప్పటి నుంచీ కింద పడ్డ మెతుకుని కూడా కళ్ళకద్దుకుని తిన్న మనిషి ఆవిడ. చెప్పకపోతే ఏమవుతుంది? అందరూ తింటారు, ఒక్క రోజే కదా, ఒక్క గరిటే కదా. చెబితే, ఆ పెరుగు ఊరంతటా చస్తుంది. దాంతో పాటు తన భర్తని బతికిస్తున్నదీ చస్తుంది. శేషగిరి వైపు చూసింది. ఆయన నవ్వుతూ దొన్నె పట్టుకుని తన వంతు కోసం నిలబడ్డాడు.

గవర్రాజు దొన్నె కళ్ళకద్దుకుని వెనక్కి తిరిగాడు.

"తీసుకెళ్ళకు బాబూ!" అని అరిచింది వసుంధర. గుడిలో ఆవిడ గొంతు అంత పైకి లేవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఎవరూ తినకండి. ఆ పెరుగు నాది. పావనికి అలా అయింది నా పెరుగు వల్లే."

 మాటలు తడబడుతున్నా వసుంధర అంతా చెప్పింది. దీపాలు పెట్టాక పక్కింట్లో తోడు అడగలేకపోయిన సంగతి, కప్పు సంగతి, చెంచా సంగతి, మైథిలి ఫోను సంగతి. చెబుతున్నంతసేపూ గవర్రాజు చేతిలోని దొన్నెనే చూస్తూ ఉంది.

"మీ ఆయన పొట్ట కరగడానికి మా పిల్ల గుండె కావాల్సొచ్చిందాండీ?" అన్నాడు గవర్రాజు. కేక వేయలేదు. అందుకే ఆ మాట అక్కడున్న అందరికీ వినబడింది.

"మా పిల్లలు కూడా తింటున్నారు కదమ్మా!" అంది వెనకనుంచి ఒకావిడ. "ఏం తోడమ్మా అది, ఏం మనిషివమ్మా!" అంది ఇంకో గొంతు. శేషగిరి ముందుకొచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. 

ఆచార్యులుగారు గరిటె కింద పెట్టారు. 

"స్వామి ఆరగించిన దాన్ని విషమంటావా అమ్మా?"

"స్వామికేం కాదండి," అంది వసుంధర చేతులు జోడించి. "ఆయన తట్టుకుంటాడు. మనమే తట్టుకోలేం."

ఆయన గంగాళం వైపు చూశారు. స్వామి వైపు చూశారు. తనలో తను అనుకుంటున్నట్టు అన్నారు. "పాలసముద్రం చిలికినప్పుడు కూడా ముందు వచ్చింది విషమే. దాన్ని దేవుడు పుచ్చుకున్నాడు గానీ నలుగురికీ పంచలేదు." తర్వాత తలెత్తి, "మరిగిస్తే పోతుందన్నారా అమ్మా మీ అమ్మాయి?"

"పోతుందన్నదండి."

"అయితే గంగాళం పొయ్యెక్కించండి. నివేదించింది మళ్ళీ నిప్పు మీద పెట్టకూడదంటారు. ఆ తప్పు నాది అనుకోండి."

నలుగురు పట్టి గంగాళాన్ని వంటగదికి మోశారు. దద్దోజనం కుతకుతలాడి విరిగిపోయింది. పసుప్పచ్చటి నీళ్ళు, ముక్కలు ముక్కలుగా అన్నం. పుల్లటి వాసన గుడంతా నిండింది. గవర్రాజు దొన్నెలోది కూడా దాంట్లోనే బోర్లించి ఆసుపత్రికి పరుగెత్తాడు. అది చల్లారాక ఆచార్యులుగారు ఒక్క ముద్ద తను తీసుకుని కళ్ళకద్దుకుని తిన్నారు. మిగతాది గొయ్యి తీసి పూడ్పించారు.

ఆ రోజు కాలనీలో ప్రతి ఇంటి నుంచీ అదే వాసన వచ్చింది. ఇంటింటా పెరుగు గిన్నెలు పొయ్యెక్కాయి. మధ్యాహ్నానికి మైథిలి తన వాళ్ళని వెంటబెట్టుకుని వచ్చి, గడప గడపా ఎక్కి మాత్రలు పంచింది, రక్తం తీసుకుంది. ప్రతి గడపలోనూ ఏదో ఒక మాట పడింది. అన్నీ తల వంచుకుని భరించింది. "ఆ క్రిమిని చేసినప్పుడే, ఒక మామూలు మాత్రకి చచ్చేలా చేశాం పిన్నీ," అంది సాయంత్రం వసుంధర ఇంటి గట్టు మీద కూలబడి. "మేం దానికి కట్టిన ఆ ఒక్క తాడన్నా తెగకుండా ఉంటే చాలు. పావనికి పొద్దున్నే మొదలుపెట్టారు. నిలబడితే ఈ రెండు రోజుల్లో నిలబడాలి."

"నీ ఉద్యోగమేమవుతుందే?"

"ముందు ఆ పిల్ల ఉండనీ."

మర్నాడు వసుంధర ఫ్రిజ్ తుడుస్తుంటే, కూరగాయల అర వెనక స్టీలు డబ్బా ఒకటి చేతికి తగిలింది. మూత తీసింది. తెల్లగా, గట్టిగా, నిండా పెరుగుంది.

శేషగిరి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

"నేనే దాచాను," అన్నాడు.

"ఏవండీ!"

"ఎవరికీ తోడు ఇవ్వను వసూ. ఎవరికీ తెలియనివ్వను. నేనొక్కణ్ణే, నాకెంత కావాలో అంతే..." ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "అన్నయ్యని బస్సులోంచి దింపింది నేను. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. అదింకా ఈ చేతిలోనే ఉంది. ఇన్నాళ్ళకి పొద్దున్న లేచి భయపడకుండా మొహం కడుక్కుంటున్నాను. నన్ను మళ్ళీ ఆ పొట్టలోకి తోసెయ్యకే."

వసుంధర డబ్బా పట్టుకుని నిలబడిపోయింది. ఆయన గురక ఆగిన రాత్రులన్నీ గుర్తొచ్చాయి. మూత పెట్టి తిరిగి లోపల పెట్టేస్తే ఎవరికీ తెలియదు. తను అడిగిన ప్రాణం ఈ డబ్బాలోనే ఉంది. కానీ మొదటిసారి కూడా ఇలాగే, ఎవరికీ తెలియదులే అనే కదా చెంచా ముంచింది?

డబ్బాని తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

"నేను పారబోయను. నాకు చేతకాదు. ఉంచుకోవాలంటే ఉంచుకోండి. కానీ పావనిని ఒక్కసారి చూసి రండి. వచ్చాక మీ ఇష్టం."

డబ్బా అక్కడే పెట్టి ఆసుపత్రికి వెళ్ళిన శేషగిరి చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. వచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వచ్చి స్టవ్ వెలిగించాడు. డబ్బాలోది గిన్నెలో పోశాడు.

"ఆ పిల్ల నన్ను చూసి లేవబోయిందే," అన్నాడు గిన్నె వైపే చూస్తూ. "వైర్లన్నీ ఒంటికి పెట్టుకుని, పెద్దాయనొచ్చాడని లేవబోయింది." గరిటెతో కలిపాడు. "వేబ్రిడ్జి మీద రోజూ ఎవడో ఒకడు బతిమాలతాడు. కాస్తే కదండీ ఎక్కువ బరువు, ఈ ఒక్కసారికి చీటీ ఇచ్చెయ్యండి అని. నేను ఇవ్వను. ఇస్తే కూలేది వాడి లారీ కాదు, మధ్య దారిలో ఎవడో నడుస్తున్న వంతెన."

పెరుగు పొంగి విరిగేదాకా ఆయన అక్కణ్ణించి కదల్లేదు.

పావని బతికింది. గుండె కొంచెం బలహీనంగానే మిగిలింది, బిడ్డని డబ్బాపాలకి మార్చారు. డ్రిల్లు మాస్టారు పోయింది ఆ పెరుగు వల్లో, వయసు వల్లో ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. ఆ ప్రశ్న వసుంధర పూజగదిలో రోజూ ఆవిడతో పాటే కూర్చుంటోంది. ప్రయోగం ఆగిపోయింది. మైథిలి మీద విచారణ నడుస్తోంది. తనే వెళ్ళి అంతా చెప్పింది గనక పూర్తిగా తీసెయ్యరని కొందరంటున్నారు. కాలనీలో చాలామంది వసుంధరతో మాట్లాడటం మానేశారు. సత్తెమ్మ అయితే వంటింటి కిటికీ కూడా మూసేసింది.

తోడు మాత్రం ఎవరింట్లోనూ మిగల్లేదు. వసుంధర తన అత్తగారు ఎప్పుడో చేసినట్టు, గోరువెచ్చటి పాలల్లో తొడిమలతో ఉన్న ఎండుమిరపకాయలు వేసి, గిన్నె మీద గుడ్డ కప్పి పెట్టింది. మొదటి రోజు నీళ్ళనీళ్ళగా, జిగురుగా వచ్చింది. దాన్నే మళ్ళీ వేస్తే రెండోసారికి పెరుగులా అయింది. గట్టిగా లేదు, అంత తియ్యగా కూడా లేదు. పైన మీగడ కట్టలేదు. కొంచెం మైథిలికి ఇచ్చి పరీక్ష చేయించాకే శేషగిరి అన్నంలో వేసింది.

ఆయన పొట్ట నెమ్మదిగా తిరిగి వస్తోంది. రాకుండా రోజూ ఆయనా నడుస్తున్నాడు. వేబ్రిడ్జికి సైకిలు మీదే వెళ్తున్నాడు, కుర్చీలోంచి లేచి ప్రతి లారీ చుట్టూ తిరిగి చూస్తున్నాడు, రాత్రి అన్నం తగ్గించాడు. ఎవరు గెలుస్తారో వసుంధరకి తెలియదు. గురక ఆగితే లేచి చెయ్యి వేసి చూడటం మళ్ళీ మొదలైంది. దేవుణ్ణి మాత్రం ఇప్పుడు వేరేగా అడుగుతోంది. ఆయన్ని ఉంచు అని కాదు. ఆయన్ని ఉంచుకోడానికి నేను ఇంకొకరి గడపలోకి ఏం పంపిస్తున్నానో నాకు కనబడేలా చెయ్యి అని.

ఒక సాయంత్రం శేషగిరి ఇంకా ఇంటికి రాలేదు. వసుంధర తులసి దగ్గర దీపం పెట్టి, నీళ్ళు చల్లి, లోపలికి వెళ్ళబోతుంటే గేటు చప్పుడైంది. సత్తెమ్మ నిలబడి ఉంది. కొంగు చాటున గిన్నె పట్టుకుని ఉంది. ఎన్నో రోజుల తర్వాత ఆవిడ ఆ గడప తొక్కడం.

"పావని పెరుగన్నం అడుగుతోంది," అంది ఎటో చూస్తూ. "ఇప్పుడు తినొచ్చన్నారు డాక్టర్లు. బజారు పెరుగు దానికి సయించటం లేదు. మీ ఇంట్లో మిరపకాయల తోడు వేశావంట కదా, మంచిదేనని మీ అక్క కూతురు చెప్పింది. చెంచాడు తోడు పెట్టు."

వసుంధర ఆవిడ వైపు, తులసి దగ్గర వెలుగుతున్న దీపం వైపు చూసింది. సత్తెమ్మ కూడా అటే చూసింది.

"దీపాలు పెట్టాక ఇవ్వకూడదంటారు," అంది వసుంధర.

"అంటారు." సత్తెమ్మ గిన్నె ముందుకి చాపింది. "ఆ వేళ కిటికీలోంచి ఒక్క కేకేసి ఉంటే నేను ఇచ్చేదాన్నే కదే, వెర్రిదానా."

వసుంధర లోపలికి వెళ్ళి, చెంచాతో తోడు తీసి, ఆ గిన్నెలో వేసి తెచ్చి ఇచ్చింది.